ఫార్మాట్ కొట్టొద్దు తమ్ముడూ!

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. తెనాలిలోని ఆ డీటీపీ సెంటర్లో శుభలేఖల ప్రూఫుల కోసం వచ్చినవాళ్లతో బెంచీ నిండిపోయింది. లోపల కంప్యూటర్ తెర నల్లగా ఉంది. దాని మీద తెల్లటి అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం: ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’.

ముందురోజు దాకా నడిచిన మెషినే అది. కాకపోతే హార్డ్‌డిస్క్ కొన్నాళ్లుగా టక్కు టక్కుమంటోంది. ఇంకా ఉపేక్షిస్తే మొత్తానికే మోసమొస్తుందని సర్వీసు కుర్రాడు దాన్ని విప్పి, సీ డ్రైవ్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి బిగించాడు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది. విండోస్ మాత్రం రాలేదు. కేబుల్ మార్చాడు. వేరే సాటా పోర్టులో పెట్టి చూశాడు. మళ్లీ అదే వాక్యం.

“అన్నా, ఫార్మాట్ కొట్టేసి విండోస్ కొత్తగా ఎక్కించేద్దాం. గంటలో అయిపోద్ది.”

“వద్దు తమ్ముడూ! నీకు దణ్ణం పెడతా, దాని జోలికి మాత్రం వెళ్లొద్దు.”

సెంటర్ యజమాని అంతలా బతిమాలడానికి కారణం ఉంది. ఆ మెషిన్‌లో ఉన్నది పేజ్‌మేకర్ 7.0. అడోబీ 2001లో తెచ్చిన ఆ వెర్షనే ఆఖరిది, తర్వాత మరొకటి రాలేదు. దానికి తోడు అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు. ఫాంట్ లేని మెషిన్‌లో ఆ ఫైల్ తెరిస్తే కార్డు పైన ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేసిన సీడీలు గీతలు పడి ఎప్పుడో మూలపడ్డాయి. తెలుగునాట చిన్న ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు పాత కంప్యూటర్లను ఎందుకు పట్టుకుని వేలాడుతున్నాయని అడిగేవాళ్లకు ఇదే జవాబు. అది పిసినారితనం కాదు. వాళ్ల జీవనం ఆ డబ్బాలో ఉంది.

సాయంత్రానికి గుంటూరు నుంచి సీనియర్ టెక్నీషియన్ వచ్చాడు. కుర్రాడికి పని నేర్పింది ఆయనే. వస్తూనే మెషిన్ వైపు చూడలేదు.

“పాత డిస్క్ ఏదిరా అబ్బాయ్?”

“ఇక్కడే ఉంది గురువుగారూ.”

“దాన్ని మళ్లీ ఎక్కడా తగిలించకు. టక్కుమనే డిస్క్‌కు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ అదే ఆఖరిసారి కావచ్చు. కవర్లో చుట్టి బీరువాలో పెట్టు. ఇప్పుడు చెప్పు, ఏం క్లోన్ చేశావ్?”

“సీ డ్రైవ్ అండీ.”

“సీ ఒక్కటేనా?”

మొదటి ముడి అక్కడే దొరికింది. విండోస్ 7ను ఖాళీ డిస్క్ మీద ఎక్కించినప్పుడు సీ డ్రైవ్‌కు ముందు 100 ఎంబీల చిన్న పార్టిషన్‌ను తనకోసం చేసుకుంటుంది. దానికి డ్రైవ్ లెటర్ ఉండదు కాబట్టి మై కంప్యూటర్‌లో కనిపించదు. విండోస్‌ను నిద్రలేపే బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే. స్విచ్ వేయగానే ముందుగా నడిచే పాత బయాస్, డిస్క్‌లోని మొదటి 512 బైట్లను చదివి, పని వాటికి అప్పజెప్పి తప్పుకుంటుంది. అక్కడి కోడ్ ‘యాక్టివ్’ అని గుర్తున్న పార్టిషన్ కోసం వెతుకుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీలో ఆ గుర్తూ లేదు, ఆ ఫైళ్లూ లేవు.

విండోస్ డీవీడీ పెట్టి, రిపేర్‌లోంచి కమాండ్ ప్రాంప్ట్ తెరిచారు. డిస్క్‌పార్ట్‌లో సీ పార్టిషన్‌ను యాక్టివ్ చేసి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు రాయించారు. రీస్టార్ట్ చేశారు. విండోస్ గుర్తు తెర మీదికి వచ్చింది. బెంచీ మీదివాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

రెప్పపాటులో తెర నీలంగా మెరిసి ఆరిపోయింది. మెషిన్ తనంతట తానే రీస్టార్ట్ అయింది. మళ్లీ గుర్తు, మళ్లీ నీలం.

“క్లోనే పాడైనట్టుంది గురువుగారూ. ఇక ఫార్మాటే...”

“ఆగరా. అదేం చెబుతోందో ముందు చదవనీ.”

ఎఫ్8 నొక్కి, ఆటోమేటిక్ రీస్టార్ట్‌ను ఆపించాడు. ఈసారి నీలం తెర కదలకుండా నిలిచింది. కింద 0x0000007B అని కోడ్. బూట్ కావాల్సిన డిస్క్ తనకు అందడం లేదని విండోస్ చెప్పే మాట అది. ఆయన నేరుగా బయాస్‌లోకి వెళ్లి తేదీ చూశాడు. 2011 జనవరి అని ఉంది.

“బ్యాటరీ చూడు.”

మదర్‌బోర్డు మీది సీఆర్2032 నాణెం బ్యాటరీకి మీటరు పెట్టారు. మూడు వోల్టులు చూపాల్సింది రెండు కూడా లేదు. ఇక అంతా తేలిపోయింది. డిస్క్ మార్చడానికి పవర్ కేబుల్ పీకగానే బయాస్ తన సెట్టింగులన్నీ మరిచిపోయింది. డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, అంటే సాటా మోడ్, ఐడీఈ నుంచి కంపెనీ డిఫాల్టయిన ఏహెచ్‌సీఐకి మారిపోయింది. ఈ విండోస్ ఐడీఈలో ఎక్కించినది కావడంతో ఏహెచ్‌సీఐ డ్రైవర్ నిద్రలోనే ఉంది. ఎస్‌ఎస్‌డీలో లోపం లేదు, క్లోన్ చేసిన డేటాలోనూ లేదు.

కొత్త బ్యాటరీ వేశారు. మోడ్‌ను ఐడీఈకి మార్చి ఎఫ్10 నొక్కారు. విండోస్ వచ్చింది. యజమాని వణికే చేత్తోనే పేజ్‌మేకర్ తెరిచాడు. కార్డు పైన ‘శ్రీరస్తు’ చక్కగా నిలబడి ఉంది.

టెక్నీషియన్ అంతటితో లేవలేదు. ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం అందాలంటే ఏహెచ్‌సీఐ ఉండాలి. రిజిస్ట్రీలో ‘ఎంఎస్‌ఏహెచ్‌సీఐ’ కింద స్టార్ట్ విలువను 3 నుంచి 0కు మార్చి, అప్పుడు బయాస్‌లో మోడ్ మార్చాడు. ఈసారి నీలం తెర రాలేదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది కాబట్టి ఈ మెషిన్‌కు ఇంటర్నెట్ వద్దని గట్టిగా చెప్పి, వైరు పీకించాకే బయల్దేరాడు. ఆ రాత్రే ప్రూఫులు బయటికొచ్చాయి.

పాత కంప్యూటర్‌కు డిస్క్ మార్పించబోయే వారందరికీ ఒక విన్నపం. కేబుల్ పీకకముందే బయాస్ పేజీలన్నిటినీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సీ డ్రైవ్ ఒక్కటే కాకుండా డిస్క్ మొత్తం క్లోన్ చేయమనండి. పనిలో పనిగా బ్యాటరీ కూడా మార్పించండి. తీసిన పాత డిస్క్ మీ చేతికి వచ్చేదాకా బిల్లు కట్టకండి.