రిచ్ మిక్స్చర్ నిర్ధారణ: పెట్రోలు కార్లలో అదనపు ఇంధనాన్ని పసిగట్టిన చరిత్ర

పెట్రోలు ఇంజన్‌లోకి వెళ్లే గాలి, ఇంధనాల మిశ్రమంలో ఇంధనం ఉండాల్సిన దానికంటే ఎక్కువైతే దాన్ని రిచ్ మిక్స్చర్ అంటారు. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి అంతకు తగ్గితే మిశ్రమం రిచ్, పెరిగితే లీన్. రిచ్ కావడమే తప్పు కాదు. చల్లబడిన ఇంజన్ స్టార్ట్ కావడానికి ఇంధనం ఎక్కువే కావాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గరిష్ఠ శక్తి వచ్చేది కూడా గాలి 12.5, 13 పాళ్ల దగ్గర ఉన్నప్పుడే. అవసరం తీరాక కూడా మిశ్రమం అలాగే ఉండిపోతే అది లోపం. మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ నల్లటి పొగ కక్కుతుంది, ప్లగ్గులు మసిబారతాయి. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేయడంతో రింగులు అరుగుతాయి.

లీన్ అయిన ఇంజన్ తన బాధ తానే చెప్పుకుంటుంది. తడబడుతుంది, పికప్ ఇవ్వదు, కార్బ్యురేటర్‌లోకి ఎదురు కొడుతుంది. కాస్త రిచ్‌గా ఉన్న ఇంజన్ మాత్రం పొద్దున్నే సులువుగా స్టార్టవుతుంది, మెత్తగా తిరుగుతుంది. బంకులో బిల్లు కట్టేదాకా డ్రైవరుకు అనుమానం రాదు. ఈ లోపాన్ని కొలిచే సాధనాల్లో ముఖ్యమైనవి కారు యజమానులు అడిగితే పుట్టినవి కాకపోవడానికి కారణం ఇదే. సొరంగం తవ్వేవాళ్లు, పొగకు కళ్లు మండిన నగరాలవాళ్లు, చివరికి చట్టాలు చేసేవాళ్లు పట్టుబడితే అవి గ్యారేజీల్లోకి వచ్చాయి.

కార్బ్యురేటర్ కాలం

కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన తొలి కారులో పెట్రోలు ఉపరితలం నుంచి లేచే ఆవిరిని గాలితో కలిపి ఇంజన్‌కు పంపేవారు. అందులో పాళ్ల లెక్క దాదాపు దైవాధీనం. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో డొనాట్ బాంకి, యానోష్ చొంకా సన్నటి రంధ్రం గుండా ఇంధనాన్ని గాలిలోకి చిమ్మే పద్ధతి తెచ్చాక పాళ్లను సరిచేయడానికి ఒక ఆధారం దొరికింది. ఫ్లోట్, నీడిల్ వాల్వు, జెట్, చోక్ అనే నాలుగు మాటలు మెకానిక్ భాషలో స్థిరపడ్డాయి. రిచ్ అనగానే వెతకాల్సిన చోట్లు కూడా అవే అయ్యాయి. ఫ్లోట్‌కు చిల్లుపడి మునిగినా, నీడిల్ వాల్వు కింద నలుసు ఇరుక్కున్నా పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతుంది. చోక్ వైరు బిగుసుకుపోతే గాలి దారి సగం మూసుకునే ఉంటుంది. ఏళ్ల తరబడి తీగతో పొడిచి శుభ్రం చేసిన జెట్ రంధ్రం పెద్దదైపోతుంది. ఈ చివరిది మెకానిక్ చేతితోనే వచ్చే రోగం, మన ఊళ్లలో చాలా మామూలుగా కనిపించేది.

అప్పట్లో ప్రధాన సాక్ష్యం స్పార్క్ ప్లగ్. ప్లగ్ కొసన ఉండే పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరైనదని, తెల్లగా ఉంటే లీన్ అని, వేలికి అంటుకునే పొడి మసి ఉంటే రిచ్ అని చదివేవారు. జిడ్డుగా తడిసి ఉంటే అది పెట్రోలు తప్పు కాదు, రింగులు దాటి వచ్చిన ఆయిల్. ఈ చదువులో ఒక మెలిక ఉంది. ప్లగ్ కొస సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే తన మసిని తాను కాల్చుకోగలదు. ట్రాఫిక్‌లో నిలబడుతూ వచ్చిన కారు ప్లగ్ విప్పితే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లోనూ నల్లగానే కనిపిస్తుంది. అందుకని రేసు మెకానిక్కులు పూర్తి వేగంలో ఇగ్నిషన్ ఆపి, క్లచ్ తొక్కి, కారును అలాగే దొర్లించి ఆపి, అప్పుడు ప్లగ్ విప్పేవారు. ఏ వేగంలో మిశ్రమం ఎలా ఉందో దాని మీద అచ్చుపడేది. పెట్రోలులో సీసం కలిపిన రోజుల్లో ఆ గోధుమ రంగుకు సీసపు నిక్షేపాలు కూడా కొంత కారణం. మన దేశంలో 2000 నాటికి సీసం పోయాక ప్లగ్గులు అంతకుముందు కంటే వెలిసినట్టు కనపడసాగాయి. పాత రంగుల పట్టికనే నమ్ముకున్నవాళ్లు మంచి మిశ్రమాన్ని లీన్ అనుకుని స్క్రూ తిప్పి, కావాలని రిచ్ చేసేవారు.

బ్రిటన్‌లో పుట్టిన ఎస్‌యూ కార్బ్యురేటర్‌కు ఇంకో సొగసైన పరీక్ష ఉండేది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వారసత్వంగా మన అంబాసిడర్‌కు కూడా అది చేరింది. ఇంజన్ ఐడిల్‌లో తిరుగుతుండగా కార్బ్యురేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో లోపలి పిస్టన్‌ను మిల్లీమీటరులో ముప్పావు వంతు, ఎనిమిది పదో వంతులు మాత్రమే ఎత్తాలి. ఎత్తగానే గాలి కొద్దిగా ఎక్కువ వెళుతుంది. ఇంజన్ వేగం పెరిగి అక్కడే నిలబడితే మిశ్రమం రిచ్, పడిపోయి ఆగబోతే లీన్. ఒక్క క్షణం పెరిగి మామూలు స్థితికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఆ తర్వాత అడుగున ఉన్న ఆరు పలకల నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పుతూ పోవడమే. మీటరు లేదు, కరెంటు లేదు. చెవి ఒక్కటి బాగుంటే చాలు.

చెవి సరిపోనివారి కోసం బ్రిటన్‌లోనే గన్సన్ సంస్థ కలర్‌ట్యూన్ పేరుతో గాజు ప్లగ్ అమ్మింది. మామూలు ప్లగ్ స్థానంలో దాన్ని బిగిస్తే సిలిండర్ లోపలి మంట కంటికి కనపడుతుంది. గ్యాస్ పొయ్యి మంట పసుపు తిరిగితే గిన్నె అడుగు మసిబారినట్టే, ఇక్కడా పసుపు, నారింజ రంగు రిచ్‌కు గుర్తు. బున్సెన్ బర్నర్ నీలం సరైన మిశ్రమం. వెలిసిన నీలం లీన్. ఎండలో ఏమీ కనపడదు కనుక నీడ చూసుకుని పని మొదలుపెట్టాలి.

హాలండ్ టన్నెల్ పరీక్షలు

రిచ్ మిక్స్చర్‌ను పెద్ద ఎత్తున అంకెల్లో తొలిసారి పట్టించింది కార్ల పరిశ్రమ కాదు. న్యూయార్క్, న్యూజెర్సీల మధ్య హడ్సన్ నది కింద కార్ల కోసం సొరంగం తలపెట్టినప్పుడు, లోపల పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు ప్రయాణికులు స్పృహతప్పకుండా ఎంత గాలి తోలాలన్న ప్రశ్న వచ్చింది. ఒక్కో కారు ఎంత విషవాయువు వదులుతుందో అప్పటికి ఎవరి దగ్గరా నమ్మదగిన లెక్క లేదు. అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్‌కు ఆ పని అప్పగించారు. 1919, 1920లలో ఆర్నో ఫీల్డ్‌నర్ బృందం పిట్స్‌బర్గ్‌లో 101 కార్లు, ట్రక్కుల పొగ నమూనాలు పట్టింది. వాటిని ట్యూన్ చేసి తేలేదు, వీధుల్లో తిరుగుతున్న స్థితిలోనే చూశారు. ఎత్తు ఎక్కుతూ, దిగుతూ, నిలబడి ఉన్నప్పుడూ నమూనాలు తీశారు.

ఫలితం సొరంగం ఇంజనీర్లకు పనికొచ్చింది, కార్లవాళ్లకు తలవంపులు తెచ్చింది. సగటున పెట్రోలులోని వేడిలో దాదాపు 30 శాతం కాలకుండానే పొగతో పోతోంది. కారణం సాంకేతిక లోపం కాదు, అలవాటు. స్టార్టింగ్ ఇబ్బంది రాకుండా, ఎత్తులో శక్తి తగ్గకుండా కార్బ్యురేటర్లను రిచ్‌గా పెట్టి వదిలేస్తున్నారు. మరోవైపు యేల్ విశ్వవిద్యాలయంలో యాండెల్ హెండర్సన్ మనుషుల మీద పరీక్షలు జరిపి, ముప్పావు గంట మించని ప్రయాణానికి 10,000 పాళ్ల గాలిలో 4 పాళ్ల కార్బన్ మోనాక్సైడ్‌ను సురక్షిత హద్దుగా తేల్చాడు. ఈ రెండు లెక్కల మీదే 84 ఫ్యాన్లతో, ఒకటిన్నర నిమిషంలో లోపలి గాలి మొత్తం మారిపోయేలా ఏర్పాటు చేశారు. హాలండ్ టన్నెల్ 1927 నవంబరులో తెరుచుకుంది. కార్బ్యురేటర్లు సరిచేయించడం కంటే ఫ్యాన్లు పెట్టడమే తేలికని ఆనాటివాళ్లు అనుకున్నారనిపిస్తుంది.

పొగను కొలవడం

మిశ్రమం రిచ్ అయిన కొద్దీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దాన్ని కొలిస్తే మిశ్రమాన్ని కొలిచినట్టే. ఓర్సా గాజు పరికరంలో పొగను వరసగా మూడు రసాయనాల గుండా పంపి, ఎంత తగ్గిందో చూసేవారు. అది ప్రయోగశాల పని, గ్రీజు చేతులకు అచ్చిరాదు. తర్వాత వేడి తీగ మీటర్లు వచ్చాయి. రిచ్ పొగలో ఉండే హైడ్రోజన్ గాలికంటే సుమారు ఏడు రెట్లు వేగంగా తీగ వేడిని లాగేస్తుందన్నదే వాటి కిటుకు. అసలు మలుపు 1938లో జర్మనీలోని ఐజీ ఫార్బెన్‌లో వచ్చింది. ఎర్విన్ లేరర్, కార్ల్ ఫ్రీడ్రిష్ లుఫ్ట్ అక్కడ పరారుణ కిరణాలతో వాయువులను కొలిచే పరికరం చేశారు. రసాయన కర్మాగారాల కోసం పుట్టిన ఆ పరికరమే, లాస్ ఏంజెలెస్ పొగమంచు రాజకీయ సమస్యగా మారాక, రూపం మార్చుకుని గ్యారేజీల్లోకి వచ్చింది.

మన దేశంలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 115వ నియమం పెట్రోలు కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ హద్దును 3 శాతంగా పెట్టింది. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే బండ్లు రోడ్ల పక్కన వెలిశాయి. కార్బ్యురేటర్ కార్లకు ఈ పరీక్ష ఐడిల్‌లోనే జరిగేది. కార్బ్యురేటర్‌లో ఐడిల్‌కు వేరే దారి ఉంటుంది, రోడ్డు మీద పరుగుకు మెయిన్ జెట్ ఉంటుంది. మెయిన్ జెట్ అరిగిపోయిన కారు కూడా దర్జాగా సర్టిఫికెట్ తెచ్చుకోగలిగేది. పరీక్షకు ముందు స్క్రూ బిగించి, వచ్చాక మళ్లీ వదులు చేయడం తెలియని మెకానిక్ అప్పట్లో అరుదు.

ఆక్సిజన్ సెన్సర్, కోడ్‌లు

క్యాటలిటిక్ కన్వర్టర్ మూడు కాలుష్యాలనూ ఒకేసారి శుద్ధి చేయాలంటే మిశ్రమం 14.7కు అటూ ఇటూ వెంట్రుకవాసి తేడాలో ఉండాలి. కార్బ్యురేటర్ వల్ల అయ్యే పని కాదది. 1976లో వోల్వో, కాలిఫోర్నియాకు పంపిన 240 శ్రేణి కార్లలో బాష్ సంస్థ చేసిన లాంబ్డా సెన్సర్‌ను పెట్టింది. పొగలో ఆక్సిజన్ మిగలకపోతే ఈ జిర్కోనియా సెన్సర్ 0.8, 0.9 వోల్టులు చూపుతుంది, మిగిలితే 0.1 దగ్గరికి పడిపోతుంది. 0.45 మధ్య గీత. మల్టీమీటరు ఉన్న ఎవరైనా ఇంజన్ రిచ్‌గా ఉందో లేదో చూడగలిగే రోజు వచ్చింది. ఎంత రిచ్ అన్నది మాత్రం 1990లలో వచ్చిన వైడ్‌బ్యాండ్ సెన్సర్లు చెప్పాయి. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, కారు కంప్యూటర్ లోపాలను కోడ్‌లుగా స్కానర్‌కు చెప్పే ఓబీడీ-2 తప్పనిసరి కావడంతో పీ0172 అన్న కోడ్ ఈ లోపానికి మారుపేరైంది. మారుతి 800లో మల్టీపాయింట్ ఇంజెక్షన్ 2000లో వచ్చింది. ఓబీడీ-2 మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి.

సెన్సర్ కొలిచేది ఆక్సిజన్‌ను, పెట్రోలును కాదు. ఈ చిన్న తేడా తెలియక పారేసిన మంచి సెన్సర్లకు లెక్కలేదు. ఒక సిలిండర్‌లో ప్లగ్ కొట్టడం మానేస్తే, అక్కడి పెట్రోలూ ఆక్సిజన్ రెండూ కాలకుండా బయటికి వస్తాయి. సెన్సర్ ఆక్సిజన్‌ను చూసి లీన్ అంటుంది, కంప్యూటర్ మరింత పెట్రోలు పోస్తుంది. సైలెన్సర్ నల్లగా పొగలు కక్కుతుంటే స్కానర్ లీన్ అని చూపుతుంది. సెన్సర్‌కు ముందు సైలెన్సర్ గొట్టానికి చిల్లు పడినా ఇదే కథ.

స్కానర్‌లో నిజంగా పనికొచ్చేది కోడ్ కాదు, ఫ్యూయల్ ట్రిమ్. కంప్యూటర్ తన లెక్కకు ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో, తగ్గిస్తోందో అది చెబుతుంది. ఐడిల్‌లో మైనస్ 18 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మైనస్ 4కు వస్తే పెట్రోలు ఎక్కడో సన్నగా, నిలకడగా కారుతోందని అర్థం. గాలి తక్కువగా వెళ్లే ఐడిల్‌లోనే ఆ కారడం ప్రభావం ఎక్కువ. మూసుకోని పర్జ్ వాల్వు, కారుతున్న ఇంజెక్టర్, ప్రెషర్ రెగ్యులేటర్ లోపలి చిరిగిన పొర ఈ కోవలోవి. రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు పీకితే పెట్రోలు చుక్క కనిపించిందా, ఇక వెతకనక్కర్లేదు. డిప్‌స్టిక్ వాసన చూడటమూ మరవకూడదు. ఆయిల్‌లో కలిసిన పెట్రోలు ఆవిరై మళ్లీ ఇంజన్‌లోకే వెళుతుంది. అన్ని వేగాల్లోనూ మైనస్ ఒకేలా ఉంటే అనుమానం ఫ్యూయల్ ప్రెషర్ మీదికో, గాలిని కొలిచే సెన్సర్ మీదికో మళ్లుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా అంటుకున్న కారణం ఒకటుంది. ఎండాకాలంలో ఇంజన్ కాగిపోతుందన్న భయంతో థర్మోస్టాట్ పీకేసే అలవాటు కార్బ్యురేటర్ రోజుల నుంచీ ఉంది. ఇంజెక్షన్ కారులో అదే పని చేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. హైవే మీద గంట నడిపినా కంప్యూటర్ ఇంకా పొద్దుటి చలిలోనే ఉన్నాననుకుని పెట్రోలు పెంచుతూ పోతుంది. కూలెంట్ సెన్సర్ చెడినా ఇంతే. స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత గడి చూడటానికి అర నిమిషం పట్టదు, చూసేవాళ్లే తక్కువ.

2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడంతో ఆధార సంఖ్యే కదిలింది. ఒక పాలు ఇథనాల్‌కు 9 పాళ్ల గాలి చాలు. ఈ-20కి కావాల్సింది 13.5 దరిదాపుల్లోనే. పాత పెట్రోలుకు లెక్క కట్టిన కారులో ఈ-20 పోస్తే మిశ్రమం లీన్ వైపు జరుగుతుంది, ట్రిమ్ ప్లస్ వైపు పోతుంది. అదే కారులో ఇంజెక్టర్ కూడా కారుతుంటే రెండూ కొంతవరకు కొట్టుకుపోయి, మైనస్ 15 చూపాల్సిన ట్రిమ్ మైనస్ 10 దగ్గర ఆగిపోతుంది, కోడ్ పడదు. అప్పుడు లోపం బయటపడేది ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టి, ఇంజన్ ఆపాక ముల్లు ఎంత త్వరగా కిందికి జారుతోందో గమనించినప్పుడే.