మార్లవాయి బడి నుంచి మాదాపూర్ మేడల దాకా

1998 నవంబరు 22న హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ అక్కడ మొదలై గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా పాకింది. ఇవాళ మన గూడేల నుంచి వెళ్లిన పిల్లలు కొందరు ఆ అద్దాల మేడల ముందు కాపలా కాస్తున్నారు. కొందరు బండ్ల మీద సామాన్లు చేరవేస్తున్నారు. కొద్దిమంది లోపల కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అవే మేడల నుంచి ఉద్యోగులు, అప్పుడప్పుడు విదేశీయులు కూడా, పేద పిల్లలకు చదువు చెబుతామని స్వచ్ఛందంగా బయలుదేరుతున్నారు.

రావడం మంచిదే. అయితే దూరదేశం మనిషి వచ్చి మన పిల్లల చదువుకు పూనుకోవడం మనకు కొత్త కాదు. ఎనభై ఏళ్ల కిందటే మార్లవాయిలో అది జరిగింది. ఆ చరిత్ర తెలిస్తే, వచ్చినవాళ్లను ఏమి అడగాలో మనకు తెలుస్తుంది.

1940లో కుమురం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. గోండుల అసంతృప్తికి కారణాలేమిటో నిజాం ప్రభుత్వం ఆలోచించక తప్పలేదు. అప్పటికి హైదరాబాద్ సంస్థానంలో క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్ డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఉన్నారు. ఆయన 1909లో ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో, జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు బ్రిటిషువాళ్లు ఆయనను శత్రుదేశీయుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటరాదన్నారు. ఆయన చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య తిరిగారు. తర్వాత భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ గోండుల దగ్గరకు వచ్చి, ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో ఉన్నారు.

ఆయన స్వచ్ఛంద సేవకుడిగా రాలేదు. పరిశోధన కోసం వచ్చారు, నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేశారు. ఈ మాట దాచనక్కర్లేదు. బడి ఎవరి దయవల్లో వచ్చిందని కూడా మనం అనుకోకూడదు. జోడేఘాట్‌లో నెత్తురు పారాకే ప్రభుత్వం మన వైపు చూసింది. కాని ఆ అవకాశాన్ని హైమన్ డార్ఫ్ వాడుకున్న తీరు గుర్తుపెట్టుకోదగినది.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. పట్నం నుంచి పంతుళ్లను తెచ్చి పెట్టడంతో సరిపెట్టుకోలేదు. కొద్దోగొప్పో చదవడం వచ్చిన గోండు యువకులనే ఎంచుకుని, పంతుళ్లుగా తయారుచేశారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చువేయించారు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటే బడిలో కనిపించింది. పాఠం చెప్పేవాడు అదే గూడెం మనిషి, లేదా పక్క గూడెం మనిషి. అక్కడ శిక్షణ పొందినవాళ్లు వేరే ఊళ్లకు పోయి బడులు నడిపారు. చదువుకున్నవాళ్లలో కొందరు ప్రభుత్వ కొలువుల్లోనూ చేరారు.

తర్వాతి కాలంలో రాజ్యం మారింది, బడి భాష మారింది, గోండీ వాచకాలు మూలపడ్డాయి. మళ్లీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో వాచకాలతో బడులు మొదలుపెట్టింది. మధ్యలో పోయిన ఆ ఏళ్లలో ఎంతమంది పిల్లలు పాఠం అర్థంకాక బడి మానేశారో మన గూడేల్లో పెద్దలను అడిగితే చెబుతారు.

1987లో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో హైమన్ డార్ఫ్ పోయారు. తర్వాత ఆయన అస్థికలూ ఆమె పక్కకే చేరాయి. ఏటా అక్కడ మనవాళ్లు వాళ్లిద్దరినీ తలుచుకుంటున్నారు.

ఇక మాదాపూర్ సంగతి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం రెండు శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. విద్య ఆ పనుల్లో ఒకటి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. కాబట్టి అక్కడి నుంచి వచ్చే సొమ్మును భిక్షగా చూడనక్కర్లేదు. దాని వెనుక చట్టం ఉంది.

మేము చూసిన సంగతి ఒకటి చెబుతాం. ఒక శనివారం పొద్దున బస్సు వస్తుంది. ఒకే రంగు చొక్కాలు వేసుకున్నవాళ్లు దిగుతారు. గోడకు రంగు వేస్తారు, సంచులు పంచుతారు, ఫొటోలు దిగుతారు. చీకటి పడేలోగా బస్సు వెళ్లిపోతుంది. వాళ్ల మనసు మంచిదే, సందేహం లేదు. కాని సోమవారం పిల్లలకు లెక్క చెప్పేవాడెవడు?

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు మా మాట ఇది. వచ్చినవాళ్లను మూడు సంగతులు అడగండి. ఎన్నాళ్లు ఉంటారు? పిల్లల భాషలో నాలుగు మాటలైనా నేర్చుకుంటారా? మీరు వెళ్లాక ఈ పని చేయడానికి మా గూడెం యువకుల్లో ఎవరిని తయారుచేస్తారు? మార్లవాయి బడి ఈ మూడింటికీ జవాబు చెప్పింది.

గచ్చిబౌలిలో మేడల మధ్యే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండీ లిపి రాతప్రతులపై అక్కడి పరిశోధకులు గోండు పెద్దలతో కలిసి పనిచేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే కంప్యూటర్‌కు ఇప్పుడు మన అక్షరం తెలుసు. ఆ అక్షరంతో పాఠాలు, కథలు, నిఘంటువులు తయారుచేయాల్సిన పని మిగిలింది.

హైటెక్ సిటీలో పనిచేస్తున్న మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ పని మీకు చేతనవుతుంది. కంపెనీ సేవకు ఒక రోజు ఇస్తే మీ సొంత గూడేనికి రండి. అవ్వ చెప్పే కథను ఫోన్‌లో రికార్డు చేయండి, బడికి ఇవ్వండి. వచ్చే నెల మళ్లీ రండి.