ప్రభు బల్ల యొద్ద పాడే కీర్తనలు, వాటి రాగాలు: నిజామాబాద్ ప్రాంత సంఘాల నేపథ్యంలో ఒక పరిశీలన

పస్కా భోజనం ముగించి ప్రభువు, శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి (26:30), మార్కు (14:26) తెలియజేస్తున్నారు. యూదుల ఆచారం ప్రకారం పస్కా రాత్రి పాడేవి 113 నుండి 118 వరకు గల కీర్తనలు. వాటిలో మరణబంధకాల వేదన ఉంది. విడుదల పొందినవాని స్తుతి కూడా ఉంది. కాబట్టి సంస్కారపు పాట ఆదినుండి దుఃఖాన్నీ ఆనందాన్నీ కలిపి మోసింది. ఈ రెంటిలో సంఘం దేనిని అనుభవిస్తుందో నిర్ణయించడంలో మాటలతోపాటు రాగానికి కూడా పెద్ద పాత్ర ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

1. వెస్లియన్ వారసత్వం

మాక్లూర్, ఆర్మూర్, డిచ్‌పల్లి ప్రాంతాలకు సువార్త తెచ్చినవారిలో బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టులు ముఖ్యులు. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి ప్రారంభించిన ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు ఈ మిషనుకు చెందినవారే. వీరి సంప్రదాయంలో ప్రభురాత్రి భోజనానికి ప్రత్యేకమైన పాటల పుస్తకమే ఉండేది. జాన్, చార్లెస్ వెస్లీ సోదరులు 1745లో ప్రచురించిన ఆ సంపుటిలో 166 గీతాలున్నాయి. క్రీస్తు శ్రమల జ్ఞాపకంతో అది ఆరంభమౌతుంది. అయితే అక్కడే ఆగక, సంస్కారాన్ని కృపాసాధనంగా, పరలోక విందుకు సంచకరువుగా కూడా కీర్తిస్తుంది.

2. ఛందస్సుకు కట్టిన రాగం

ఆంగ్ల గీతంలో సాహిత్యం వేరు, రాగం వేరు. అక్షరాల లెక్క కుదిరితే ఒకే గీతాన్ని పలు రాగాలలో పాడవచ్చు. ఐజక్ వాట్స్ 1707లో సంస్కారం కొరకు ప్రచురించిన సిలువ ధ్యాన గీతం దీనికి మంచి ఉదాహరణ. బ్రిటిష్ సంఘాలు దానిని ఎక్కువగా ఎడ్వర్డ్ మిల్లర్ 1790లో ప్రకటించిన ‘రాకింగ్‌హాం’లో పాడతాయి. అమెరికా సంఘాలలో లోవెల్ మేసన్ 1824లో కూర్చిన ‘హాంబర్గ్’ ప్రసిద్ధి. హాంబర్గ్‌లో ఉన్నవి ఐదు స్వరాలే. మాటలు ఒకటే అయినా ధ్యానపు రుచి మారిపోతుంది.

3. రాగంతో పుట్టిన కీర్తన

తెలుగు కీర్తన మార్గం వేరు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తకవులు పల్లవి, చరణాలతో, నిర్దిష్ట రాగతాళాలలో రచించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపై రాగం, తాళం పేర్లు కనబడతాయి. కాని సంఘస్థుల చేతుల్లో సాధారణంగా ఉండే ప్రతిలో స్వరాలు ఉండవు. రాగం పేరు పుస్తకంలో ఉంది; రాగం మాత్రం పెద్దల గొంతులో ఉంది. చదువురాని సంఘస్థులు కీర్తనలు నేర్చుకున్నది విని, వెంట పాడి. మన పల్లె సంఘాల వేదాంత విద్యలో గొప్ప భాగం ఈ విధంగానే జరిగింది.

4. నేటి సంఘానికి

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఈ ప్రాంతం మెదక్ అధ్యక్ష మండలంలో చేరింది. 1950 నాటి సంస్కార క్రమంలో రొట్టెను, ద్రాక్షారసాన్ని బల్ల యొద్దకు తెచ్చేటప్పుడు పాట పాడే ఏర్పాటు ఉంది. జనులు పాలుపొందే సమయంలో కూడా కీర్తన పాడడం వాడుక. ఈ రెండు సందర్భాలకూ శ్రమదినాల పాటలనే ఎన్నుకుంటే, బల్ల సమాధి కార్యక్రమంగా మిగిలిపోతుంది. పునరుత్థానుడైన ప్రభువే ఆతిథ్యమిస్తున్నాడన్న సత్యం వినబడదు. సమర్పణకు కృతజ్ఞతా కీర్తన, పాలుపొందేటప్పుడు సిలువ ధ్యానం, ముగింపుకు నిరీక్షణ గీతం ఎన్నుకుంటే వెస్లీల క్రమం మన రాగాలలోనే నిలుస్తుంది.

రెండవ విషయం మరింత అత్యవసరం. కీబోర్డు మెట్లపై గమకం సులువుగా పలకదు. వాయిద్యానికి అనువుగా రాగాన్ని సరిచేస్తూ పోతే, పేరు మాత్రం మిగిలి రాగం పోతుంది. కాబట్టి వేదాంత విద్యార్థులు సెలవులలో తమ సంఘాల వృద్ధుల యొద్ద సంస్కారపు కీర్తనలను రికార్డు చేసి, స్వరపరచి, కళాశాల గ్రంథాలయంలో భద్రపరచాలి. కాపరులు ఆ పెద్దలను యౌవనస్థుల గాయక బృందం మధ్య కూర్చోబెట్టాలి. ప్రభువు తన జ్ఞాపకార్థం చేయుమన్న దానిని మన సంఘం తన గొంతుతో చేయగలగడం దీనిపైనే ఆధారపడి ఉంది.