కందపద్యమూ – మూడు లక్షణగ్రంథాలూ

కందంలో బేసిపాదాలకు 3 గణాలు, సరిపాదాలకు 5. ఉద్యోగ విరమణానంతరం పద్యాలను ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పొందుపరచబోయి నేను చిక్కుపడినది ఇక్కడే.

1986 నాటి ఎస్‌జీఎమ్‌ఎల్ నుండి సంక్రమించిన డీటీడీలో ఒక పేరుకు ఒకే లక్షణం. ‘పాదం’ అంటే మూడో, అయిదో గణాలని వదులుగా చెప్పవలసిందే; అప్పుడు తప్పు కందమూ నెగ్గుతుంది. 2001లో వెలువడిన డబ్ల్యూ3సీ వారి ఎక్స్‌ఎమ్‌ఎల్ స్కీమా కందపాదాన్ని సీసపాదం నుండి వేరుపరచింది గాని, ఒకే కందంలోని పాదాలకు రెండు లక్షణాలను ఒప్పుకోలేదు.

ఆ ఏడాదే జేమ్స్ క్లార్క్, మురాత మకోతో రూపొందించిన రిలాక్స్ ఎన్‌జీ వృక్షవ్యాకరణ సిద్ధాంతం మీద నిలిచినది. అందులో పేరు వేరు, లక్షణం వేరు. రెండు లక్షణాలను కలిపినా లక్షణమే. నా కందం అక్కడ నిలిచింది.

మిత్రులారా, తప్పును ఒప్పనే లక్షణం ఉండి ఏమి ప్రయోజనం?