బాణం తిరగబడే చోటు

హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్. ఇనుప బీరువాకు దూరంగా జరిపిన చెక్క బల్ల మీద తెల్ల కాగితం, దాని నిండా 2 సెంటీమీటర్లకో పెన్సిల్ చుక్క. నడుమ దండాయస్కాంతం, ఉత్తర ధ్రువం ఉత్తరం వైపు. అమ్మాయి గోరంత సెన్సర్‌ని చుక్క చుక్కకీ జరుపుతోంది. పక్కనున్న అబ్బాయి మూడు అక్షాల విలువలూ ఫైల్లోకి ఎక్కిస్తున్నాడు.

తూర్పున 6 సెంటీమీటర్ల దగ్గర 600 మైక్రోటెస్లాలు, 12 దగ్గర 40. దూరం రెట్టింపైతే అయస్కాంత బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, నిజమే. కానీ ఇక్కడ అంతకంటే ఎక్కువే పడింది. ఈ పక్కన అయస్కాంత క్షేత్రం దక్షిణానికి, భూమిది ఉత్తరానికి. భూమి వాటా ఇంచుమించు 40. అది ప్రతి అంకెలోనూ తన భాగం తీసేసుకుంటోంది.

పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ తెరిచి, బాణాలు గీసే క్వివర్‌తో గీస్తే మొదటి బొమ్మ పనికిరాలేదు. అయస్కాంతం చెంత బారెడు బాణాలు, మిగతావన్నీ నలుసులు. అందుకే బాణాలన్నిటినీ ఒకే పొడవు చేసి దిశను వాటికి వదిలారు. బలాన్ని లాగరిథమ్ స్కేలులో రంగుకిచ్చారు, బలం తగ్గేకొద్దీ రంగు ముదిరేలా. బాణం నడిమి భాగం సరిగ్గా కొలిచిన చుక్క మీదే కూర్చుంది.

ఇప్పుడు చూడండి. తూర్పున 14 దగ్గర బాణం దక్షిణానికి, 16 దగ్గర ఉత్తరానికి. ఆ మధ్యే ఎక్కడో రెండు క్షేత్రాలూ రద్దవుతున్నాయి. రంగు మాత్రం అక్కడ ముదరలేదు.

"నిలువు అక్షాన్ని కూడా కలిపేశావు రా," అంది అమ్మాయి.

అవును. హైదరాబాద్‌లో భూక్షేత్రం నేలలోకి కాస్త వంగి ఉంటుంది, నిలువు భాగం 15 మైక్రోటెస్లాలు దాటుతుంది. అడ్డంగా అంతా రద్దయినా అది మిగిలే ఉంటుంది. ఆ భాగం తీసేయగానే అయస్కాంతానికి అటూ ఇటూ రెండు ముదురు మచ్చలు తేలాయి.

అబ్బాయి బాణాలకు బదులు గీతలు గీసే స్ట్రీమ్‌ప్లాట్ కూడా వేశాడు. గీతలు ముచ్చటగా ఉన్నాయి. నాకు మాత్రం బాణాలే ముఖ్యం. ఆ గీతలు కొలవని చోట్ల మీదుగా కూడా అంచనాతో సాగిపోతాయి. బాణం కొలిచిన చోటే నిలుస్తుంది.

14కీ 16కీ మధ్య అర సెంటీమీటరుకో కొత్త చుక్క పెట్టారు. 15 దగ్గర విలువ 1 లోపే, కొలిచిన ప్రతిసారీ దిశ వేరు. అంత బలహీనమైన చోట ఏ దిశనూ నమ్మలేం. అక్కడ బాణం తీసేసి, సున్న చుట్టి, అబ్బాయి తర్వాతి విలువ అడిగాడు.