గన్‌ఫౌండ్రీలో గంటలు మోగేదాకా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పిల్లర్ల దగ్గరే ఆగిన మందిరాలు మనకు తరచు కనిపిస్తాయి. పైన రేకులు, కింద ఆరాధన. ‘మా తరంలో పూర్తవుతుందా?’ అని పెద్దలు దిగులుపడుతుంటారు. అటువంటి సంఘాలకు హైదరాబాదులోని పునీత జోజప్పగారి కథెడ్రల్ చరిత్ర ధైర్యమిస్తుందని మేము నమ్ముతున్నాము.

ఆ దేవాలయం ఉన్న పేట గన్‌ఫౌండ్రీ. 18వ శతాబ్ది చివర నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. పేటకు ఆ పేరే నిలిచింది. 1855లో ఇటలీలోని మిలాను నుండి మిషనరీ గురువులు హైదరాబాదుకు వచ్చారు. వారిలో ఒకరైన ఫాదర్ ఆంటొని తాల్యబూవె 1869లో ఇక్కడ స్థలం కొన్నారు. 1870లో పునాదిరాయి పడింది. 1875 క్రిస్మస్‌కు దివ్యబలిపూజ మొదలైంది. ముందుభాగపు గోపురాలు, గంటలు మాత్రం 1890ల ఆరంభంలో గానీ రాలేదు. అంటే పునాదిరాయికీ గంట మోతకూ మధ్య ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యకాలంలో ఆరాధన ఆగలేదు.

కట్టడం ఇటలీ దేవాలయాల తీరులో ఉంటుంది. ముఖద్వారానికి రెండువైపులా జంట గోపురాలు. లోపల ఎత్తయిన పైకప్పు కింద పొడవైన హాలు. అడుగుపెట్టగానే చూపు తిన్నగా బలిపీఠం మీదికే పోతుంది.

కథెడ్రల్ అంటే పీఠాధిపతి ఆసనమున్న దేవాలయం. హైదరాబాదు 1886లో మేత్రాసనమైంది, 1953లో అగ్రపీఠమైంది. నేటి అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు మన నడిగడ్డకు పొరుగునున్న ఉమ్మడి కర్నూలు జిల్లా వారు. 2022లో కార్డినల్ అయిన తొలి తెలుగువారు, తొలి దళితుడు కూడా ఆయనే.

మన ప్రాంతంలో పాత మందిరాలు చాలావరకు మెనొనైట్ బ్రదరన్ మిషనరీల కాలం నాటివి. శాఖ వేరైనా పాఠం ఒకటే. కొత్త మందిరం కోసం పాతదాన్ని పడగొట్టేముందు పునాదిరాయిని భద్రపరచండి. మట్టి మోసినవారి, చందా ఇచ్చినవారి పేర్లు సంఘపు పుస్తకంలో రాయించండి. ఆ సంగతులు చెప్పగల వృద్ధులు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి. ఒకప్పుడు ఫిరంగులు పోసిన పేటలో నేడు ప్రార్థన గంట మోగుతోంది. సగంలో ఆగిన మన గోడలను కూడా ప్రభువు మరచిపోడు.