మన్యం దారి వేసింది ఎవరు?



కిందటి చలికాలంలో మా హాస్టల్లో చదువుకుని వెళ్ళిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆమె ఊరు లంబసింగి ఘాట్‌కు ఎగువన ఉంది. ఈమధ్య ఆ ఊళ్ళకు నగరాల నుంచి నడక బృందాలు వస్తున్నాయి. మూడు రోజుల నడక. మొదటి రాత్రి ఒక ఊళ్ళో, రెండో రాత్రి కొండ అవతల ఇంకో ఊళ్ళో బస. వచ్చినవాళ్ళకు ఆమె ఇంట్లో భోజనం, పడక. ఆమె తమ్ముడు ముందు నడిచి దారి చూపిస్తాడు.

"మేడమ్, ఈ ఘాట్ రోడ్డు ఎవరు వేశారని వాళ్ళు అడిగారు. బ్రిటిషువాళ్ళు వేశారని మా తమ్ముడు చెప్పేశాడు. తాత పక్కనే ఉన్నాడు. 'దొర కొండ తవ్వలేదురా, మా అయ్య తవ్వాడు' అన్నాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు" అంది.

ఫోన్ పెట్టేశాక మాకూ అన్నం సహించలేదు. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాం. షేర్షా వేయించిన రోడ్డు గురించి చెప్పాం, మార్కులు వేశాం. మన గుమ్మం ముందున్న ఘాట్ గురించి చెప్పలేదు. అక్కకు మేము చెప్పనిది తమ్ముడికి ఎలా తెలుస్తుంది? ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

రోడ్డుకు ముందు దారి

మన్యానికి రోడ్డు లేని కాలంలో కూడా దారులు ఉన్నాయి. అవి సంత దారులు. మన పెద్దలు చింతపండు, పసుపు, తేనె, కరక్కాయలు, అడ్డాకులు కావడి వేసుకుని దిగేవారు. ఉప్పు, గుడ్డ తెచ్చుకునేవారు. మైదానం నుంచి బంజారాలు ఎడ్ల మీద ఉప్పు బస్తాలు వేసుకుని, కనుమలు ఎక్కి జయపురం వైపు వెళ్ళేవారు. ఏ గెడ్డ ఎక్కడ దాటాలి, ఏ మలుపులో చీకటి పడుతుంది, ఏ ఊళ్ళో ఆగితే చోడి అంబలి దొరుకుతుంది అన్నది నడిచేవాళ్ళకు తెలుసు. అంటే బయటి మనిషి మన ఊళ్ళో రాత్రి ఉండడం కొత్త సంగతి కాదు. చలిమంట దగ్గర చోటు ఇవ్వడం మనకు ఎవరూ నేర్పలేదు.

చైత్రమాసంలో ఇటుకల పండుగప్పుడు ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయేవారి దగ్గర డబ్బులు అడగడం మీరు చూసే ఉంటారు. బస్సులో కూర్చున్నవాళ్ళు అది వేడుక అనుకుని నవ్వుతారు. మాకు మాత్రం అందులో ఒక మాట వినిపిస్తుంది. ఈ దారి ఊరిది, దాటేవాడు ఊరిని పలకరించి దాటాలి.

డోలీలో దొర, కింద మనం

1839లో చేసిన చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలు గవర్నర్ ఏజెంటు పాలన కిందికి వచ్చాయి. మన ప్రాంతాన్ని 'ఏజెన్సీ' అనడం అక్కడి నుంచి వచ్చిందే. కొన్ని ఊళ్ళు కలిపితే ఒక ముఠా, దానికి ఒక ముఠాదారు. శిస్తు వసూలు చేసి కట్టే బాధ్యత అతనిది. అధికారులు కొండ మీదికి పర్యటనకు వచ్చినప్పుడు కూలీలను, తిండి సామగ్రిని సమకూర్చాల్సిన భారమూ ఊళ్ళ మీదే పడేది.

మన్యపు జ్వరానికి భయపడి బయటివాళ్ళు వానాకాలంలో కొండ ఎక్కడానికి జంకేవారు. వచ్చినప్పుడు మాత్రం గుడారాలు, పెట్టెలు, వంట సామాను అన్నీ రావాలి. ఇవన్నీ మోసిన భుజాలు మనవి. ఎక్కలేని దొరను డోలీలో మోసిన భుజాలు కూడా మనవే. దానికి కూలి ఇవ్వకపోతే, ఇచ్చినా చేతిలో ఏదో విదిల్చి పంపితే, దాని పేరు వెట్టి. పొలం పని ఉందన్నా, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారన్నా వెట్టికి సాకు కుదరదు.

ఆ పర్యటనల నుంచే పుస్తకాలు పుట్టాయి. 1907లో విశాఖపట్నం, గోదావరి జిల్లాల గెజిటీర్లు వచ్చాయి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. వాటిలో మన కొండలు, పండుగలు, పంటలు ఉన్నాయి. అవి పనికొచ్చే పుస్తకాలే, చదవండి. చదివేటప్పుడు ఒక ప్రశ్న మాత్రం మరవకండి. ఆ ఊరికి దారి చూపినవాడు ఎవరు? అతని మాటను తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చి చెప్పినవాడు ఎవరు? రాసినవారి పేరు అట్ట మీద ఉంది. నడిపించినవారి పేరు కోసం పేజీలు వెతకాల్సిందే.

అడవి మూసుకుంది, రోడ్డు తెరుచుకుంది

మన వాళ్ళు ఊరుకున్నారా? 1879లో రంపలో పితూరీ లేచింది. మన్సబుదారు దోపిడీ, ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద పన్ను అందుకు ముఖ్య కారణాలు. దాన్ని అణచడానికి ప్రభుత్వం సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి పోడు ఒక్కసారిగా నేరం అయింది. కట్టె కొట్టినా, పశువు మేపినా జరిమానా. మన కాళ్ళకు అడవి దారులు మూసేసిన ప్రభుత్వమే తన బండ్లకు దారి కావాలంది.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు పనులు అప్పటివే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్ళను బలవంతంగా పనిలోకి దించాడు. న్యాయమైన కూలి ఇవ్వలేదు. ఎదురు చెప్పినవారిని వేధించాడు. ఆ అమ్మాయి తాత చెప్పిన 'మా అయ్య' ఆ తరం వాడే.

ఈ రోడ్డు పని కడుపుమంట, పోడు కడుపుమంట కలిసి 1922లో అంటుకున్నాయి. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు, ఇంకా ఎందరో మన్యం వీరులు నడిచారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చింది. అంత బలగానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. కారణం ఆలోచించండి. తుపాకులు వాళ్ళ దగ్గర ఎక్కువ. దారి తెలిసింది మన వాళ్ళకు. చూపమన్నప్పుడు ఎన్నో ఊళ్ళు నోరు మెదపలేదు. 1924 మే 7న రాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. ఆ తర్వాత నెలలోనే గంటం దొర కూడా నేలకొరిగాడు. జైలుపాలైన మల్లు దొర స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు.

ఊళ్ళో ఉండి వెళ్ళినవారు

బయటి నుంచి వచ్చినవారంతా ఒకే తీరు కాదు. గోదావరి అవతల, అప్పటి నిజాం రాజ్యంలో ఇంకో రకం అతిథి కనిపిస్తాడు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ 1940లలో నల్లమల చెంచుల మధ్య, పాపికొండల కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగారు. ఊళ్ళలోనే ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత, గోండుల భూమి బాధలు ఏమిటో తెలుసుకుని ప్రభుత్వానికి నివేదించారు. మార్లవాయిలో గోండి భాషలో బడి, గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయ్యాయి. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాళ్ళం కాబట్టి ఆ మాట మాకు మరీ దగ్గరది. బెట్టీ 1987లో చనిపోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. గోండులు ఇప్పటికీ ఏటా స్మరించుకుంటారు. తిన్న ఇంటి కష్టం అడిగి తెలుసుకున్న అతిథిని ఊరు మరచిపోలేదు.

ఇప్పుడు మీ వంతు

ముఠాలను 1969 నాటి నిబంధనతో రద్దు చేశారు. 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. 1996 పెసా చట్టం గ్రామసభకు బలం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద మన హక్కును ఒప్పుకుంది. మన పెద్దలు ఇన్ని పోరాటాలు చేసి తెచ్చిన కాగితాలు ఇవి.

అందుకే నడక బృందాలు వద్దని మేము అనడం లేదు. మా పిల్లలకు ఊళ్ళోనే నాలుగు రూపాయలు వస్తే మాకంటే సంతోషించేవారు ఎవరు? లెక్క మాత్రం చూసుకోండి. ఆ అమ్మాయి ఇంట్లో ఒక మనిషికి రాత్రి భోజనానికి, పడకకు వచ్చేది ఎంత, నగరంలో టికెట్టు అమ్మినవాడు తీసుకునేది ఎంత అని మేము అడిగి తెలుసుకున్నాం. అంకె ఇక్కడ రాయం కానీ, ఆ రోజు వెట్టి అన్న మాట గుర్తొచ్చింది. ధర ముందే గ్రామసభలో మాట్లాడుకోండి. బరువు మోస్తే బరువుకు కూలి, దారి చూపితే దారికి కూలి అని విడివిడిగా అడగండి. థింసా ఆడమంటే ఎప్పుడు, ఎందుకు ఆడతామో చెప్పి ఆడండి. మీ పేరు మీద కాటేజీ కడతాం, సంతకం చేయి చాలు అని ఎవరైనా అంటే, సంతకం పెట్టే ముందు పెద్దల దగ్గరికి రండి.

ఇంకొకటి చెప్పక తప్పదు. ఒకప్పుడు దొరను మోసిన డోలీ ఇంకా మన ఊళ్ళలో ఉంది. రోడ్డు లేని శిఖర గ్రామాల నుంచి నిండు గర్భిణులను ఇప్పటికీ దానిలోనే దించుతున్నాం. వచ్చిన అతిథి పొగమంచు ఫొటో తీసుకుంటాడు, తీసుకోనివ్వండి. ఆ డోలీ కర్ర కూడా చూపించండి.

మొన్న సంక్రాంతి సెలవుల తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. తమ్ముడు ఇప్పుడు ఘాట్ మలుపులో బృందాన్ని ఆపి, "ఈ రోడ్డు మా ముత్తాత తవ్వాడు, కూలి సరిగా ఇవ్వలేదు" అని చెబుతున్నాడట. ఒకసారి తాత కూడా వెంట వెళ్ళి, పని ఎక్కడ మొదలైందని వాళ్ళ అయ్య చెప్పేవాడో ఆ చోటు చూపించాడట.

మీ ఊళ్ళోనూ అలాంటి తాతలు, అవ్వలు ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసుకుని వాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ దారి ఎవరు తవ్వారు, ఎవరు ఎవరిని మోశారు, ఏ చెట్టు కింద ఆగారు, అన్నీ పేర్లతో సహా రాయండి. జూన్‌లో బళ్ళు తెరిచేసరికి ఆ నోటుబుక్కులు మాకు కావాలి.

జోహార్.